బకింగ్‌హాం కాలువ: కరువు కాలంలో తవ్విన జలమార్గం, తేలని పునరుద్ధరణ

ఆంధ్రప్రదేశ్‌లోని బాపట్ల జిల్లా పెదగంజాం నుంచి తమిళనాడులోని విలుప్పురం జిల్లా మరక్కాణం వరకు, బంగాళాఖాతం తీరానికి సమాంతరంగా 420 కిలోమీటర్లకు పైగా సాగే ఉప్పునీటి కాలువ బకింగ్‌హాం కాలువ. కొన్నిచోట్ల ఇది సముద్రానికి కిలోమీటరు దూరంలోనే ఉంటుంది. మొత్తం పొడవులో దాదాపు అయిదింట మూడు వంతులు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో కోస్తా జిల్లాలను మద్రాసు నగరంతో కలిపిన ప్రధాన రవాణా మార్గాల్లో ఇదొకటి. నేడు దీనిపై సరకు పడవల రాకపోకలు లేవు. చాలాచోట్ల కాలువ పూడికతో నిండింది, కట్టలు కోతకు గురయ్యాయి, లాకులు శిథిలమయ్యాయి.

2008లో కేంద్ర ప్రభుత్వం ఈ కాలువను 4వ జాతీయ జలమార్గంలో చేర్చింది. అయినా పునరుద్ధరణ ఇప్పటికీ ప్రణాళికల దశను దాటలేదు. ఇందుకు నిధుల కొరత ఒక్కటే కారణం కాదు. ఈ కాలువ దేనికోసం తిరిగి బతకాలి అన్న ప్రశ్నకు ఏకాభిప్రాయంతో కూడిన సమాధానం లేకపోవడం అంతకన్నా పెద్ద కారణం.

ఆరంభం: పద్దెనిమిది కిలోమీటర్ల ప్రైవేటు కాలువ

కాలువలో తొలి భాగం 1806లో పూర్తయింది. మద్రాసు ఉత్తర భాగం నుంచి ఎన్నూరు వరకు 11 మైళ్ల మేర, అంటే సుమారు 18 కిలోమీటర్ల మేర దీనిని తవ్వారు. దీనికి పెట్టుబడి పెట్టిన వ్యాపారి బాసిల్ కోక్రేన్ పేరు మీద అప్పట్లో దీనిని కోక్రేన్ కాలువ అని పిలిచేవారు. కొద్దికాలానికే దీనిని ఉత్తరాన పులికాట్ సరస్సు వరకు పొడిగించారు. పెరుగుతున్న నగరానికి వంటచెరకు, ఉప్పు, ధాన్యం చేరవేయడం దీని ప్రధాన ప్రయోజనం.

1837లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం కాలువను స్వాధీనం చేసుకుంది. తరువాతి దశాబ్దాల్లో దీనిని ఉత్తరాన దుగరాజపట్నం, కృష్ణపట్నం మీదుగా పెదగంజాం వరకు, దక్షిణాన మరక్కాణం వరకు అంచెలంచెలుగా పొడిగించింది. ఆసాంతం కొత్తగా తవ్విన కాలువ కాదిది. తీరం వెంబడి సహజంగా ఉన్న ఉప్పుటేళ్లను, ఉప్పునీటి కయ్యలను, పులికాట్ సరస్సును ఒకదానితో ఒకటి కలుపుతూ, వాటి మధ్య ఉన్న ఇసుక నేలను మాత్రమే తవ్వి దీనిని రూపొందించారు. తక్కువ ఖర్చుతో ఇంత పొడవైన మార్గం సిద్ధం కావడానికి ఇదే కారణం. తరువాతి కాలంలో దీని బలహీనతలకు మూలం కూడా ఇదే.

ధాత కరువు, గవర్నరు పేరు

1876–78 నాటి మహా క్షామం దక్షిణ భారతాన్ని అతలాకుతలం చేసింది. తెలుగు ప్రాంతాల్లో ఇది ధాత కరువుగా జనస్మృతిలో నిలిచింది. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలాది మంది ఆకలికి, దాని వెంట వచ్చిన వ్యాధులకు బలయ్యారు. పల్లెలు విడిచి మద్రాసు చేరిన జనానికి పని కల్పించేందుకు ప్రభుత్వం చేపట్టిన కరువు పనుల్లో కాలువ తవ్వకం ఒకటి. నగరంలో కూవం, అడయారు నదులను కలుపుతూ సుమారు 8 కిలోమీటర్ల భాగాన్ని 1877–78లో తవ్వారు. అంతవరకు విడివిడిగా ఉన్న ఉత్తర, దక్షిణ భాగాలు దీనితో ఒకటయ్యాయి.

ఆ రోజుల్లో కరువు పనుల కూలి ఎంతో గుర్తు చేసుకోవడం అవసరం. 1877 ఆరంభంలో కేంద్ర ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, ఖర్చు తగ్గించే ఉద్దేశంతో పురుష కూలీకి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, దానిపై ఒక అణా చాలునని నిర్ణయించాడు. రోజంతా మట్టి మోసే మనిషికి ఆ తిండి చాలదని ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్ డాక్టర్ విలియం కార్నిష్ తీవ్రంగా ప్రతిఘటించాడు. అదే సంవత్సరం ఆ నిబంధనను సడలించక తప్పలేదు.

1878లో, నాటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరును కాలువకు పెట్టారు. పలుగు పార పట్టినవారి పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ఈ కాలువను వారసత్వ సంపదగా కాపాడాలని కోరేవారు తరచు దాని ఇంజినీరింగ్‌ను ప్రస్తావిస్తారు. కరువు కూలీల శ్రమకు మిగిలిన అతి పెద్ద ఆనవాళ్లలో ఇదొకటన్నది కూడా అంతే బలమైన కారణం.

కాలువ ఎలా పనిచేసేది?

డెల్టా కాలువలకు నీరు ఆనకట్టల నుంచి వస్తుంది. బకింగ్‌హాం కాలువకు సముద్రపు పోటే ఆధారం. నదులు, ఏళ్లు సముద్రంలో కలిసే మొగల గుండా పోటు సమయంలో ఉప్పునీరు లోపలికి వస్తుంది. కాలువ నదిని దాటే చోట్ల రెండు వైపులా లాకులు కట్టారు. పోటు నీరు నిండాక లాకు తలుపులు మూసి, ఆటు సమయంలో నీరు వెనక్కి పోకుండా నిలిపేవారు. నదికి వరద వచ్చినప్పుడు అవే తలుపులు వరదనీటిని, దానితో వచ్చే ఒండ్రును కాలువలోకి రానీయకుండా అడ్డుకునేవి. ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తే పెన్నా, స్వర్ణముఖి, ఆరణి, కొసస్థలైయార్, కూవం, అడయారు, పాలారు వంటి నదులన్నీ ఈ కాలువకు అడ్డంగా ప్రవహించి సముద్రంలో కలుస్తాయి.

పడవలను గాలి అనుకూలిస్తే తెరచాపతో, లేకుంటే గెడకర్రలతో నడిపేవారు. చాలాచోట్ల మనుషులు కట్ట మీద నడుస్తూ మోకుతో పడవను లాగేవారు. నెల్లూరు తీరంలోని సరుగుడు కలప, శ్రీహరికోట అడవుల వంటచెరకు, చినగంజాం ప్రాంతపు ఉప్పు, డెల్టా ధాన్యం, పొగాకు, ఎండు చేపలు, సున్నానికి పనికివచ్చే గుల్ల మద్రాసుకు చేరేవి. కాలువ రెండు కొసల్లోనూ, చినగంజాం పక్కనే ఉన్న పెదగంజాం వద్ద, మరక్కాణం వద్ద ఉప్పు మళ్లు ఉండడం గమనించదగినది. ఉప్పు వంటి బరువైన, చౌకైన సరకుకు నీటి మార్గం అన్నివిధాలా అనువైనది.

పెదగంజాం వద్ద ఈ కాలువ కృష్ణా పశ్చిమ డెల్టాలోని కొమ్మమూరు కాలువతో కలుస్తుంది. విజయవాడ నుంచి ఏలూరు కాలువ ద్వారా గోదావరికి, అక్కడి నుంచి కాకినాడ కాలువ ద్వారా కాకినాడకు దారి ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక ఈ డెల్టా కాలువలు సాగునీటికీ, పడవ ప్రయాణానికీ రెండింటికీ ఉపయోగపడ్డాయి. రైలు మార్గాలకన్నా జలమార్గాలే ఈ దేశానికి మేలని సర్ ఆర్థర్ కాటన్ జీవితాంతం వాదించారు. ఆ వాదన ఆచరణలో ఎంతవరకు నిలుస్తుందో చూపిన మార్గాల్లో కాకినాడ నుంచి మద్రాసు దాటి సాగిన ఈ కాలువల గొలుసు ముఖ్యమైనది.

ఒకే గొలుసులో రెండు విధాల భవితవ్యం

1899లో మద్రాసు–బెజవాడ రైలు మార్గం అందుబాటులోకి వచ్చింది. కాలువకు దాదాపు సమాంతరంగా సాగే ఈ మార్గం మొదట ప్రయాణికులను, తరువాత త్వరగా చేరవలసిన సరకును తనవైపు తిప్పుకుంది. రహదారులు, లారీలు మిగిలినదాన్ని తీసుకున్నాయి. అయినా స్వాతంత్ర్యానంతరం కొంతకాలం వరకు కలప, ఉప్పు పడవలు తిరుగుతూనే ఉన్నాయి. 1965, 1966 సంవత్సరాల తుపానులు, తిరిగి 1976 తుపాను కాలువను తీవ్రంగా దెబ్బతీశాయి. ఆ తరువాత జరగవలసిన మరమ్మతులు పూర్తిస్థాయిలో జరగలేదు. రాకెట్ ప్రయోగ కేంద్రం కోసం శ్రీహరికోట భూమిని సేకరించడంతో అక్కడి వంటచెరకు వ్యాపారమూ ముగిసింది. గృహాల్లో కిరోసిన్, గ్యాస్ వాడకం పెరిగి కట్టెల గిరాకీయే తగ్గిపోయింది.

ఇక్కడ ఒక పోలికను గమనించాలి. కొమ్మమూరు, ఏలూరు, కాకినాడ కాలువల మీద కూడా పడవల రాకపోకలు క్రమంగా నిలిచిపోయాయి. అక్కడా తక్కువ ఎత్తు వంతెనలు వచ్చాయి, లాకులు మూలపడ్డాయి. కానీ ఆ కాలువలు చావలేదు. ఏటా వేసవిలో నీరు కట్టివేసి పూడిక తీస్తారు, గట్లు సరిచేస్తారు. నీరు విడుదల ఒక వారం ఆలస్యమైతే రైతులు అధికారులను నిలదీస్తారు, శాసనసభలో ప్రశ్న వస్తుంది. వరి పొలం ఆ కాలువకు కాపలాదారు.

బకింగ్‌హాం కాలువకు అలాంటి కాపలాదారు లేడు. దాని నీరు పొలానికి పనికిరాదు, తాగడానికి పనికిరాదు. దాని అవసరం పడవవాడికి మాత్రమే. అతడు వెళ్లిపోయాక ఎక్కడ తలుపు విరిగినా, ఎక్కడ ఇసుక మేట వేసినా అడిగేవారు లేకపోయారు. అందువల్ల ఈ కాలువ చరిత్ర నుంచి నేర్చుకోవలసిన మొదటి పాఠం తవ్వకానికి సంబంధించినది కాదు, నిర్వహణకు సంబంధించినది. రోజువారీ అవసరం ఉన్న మనుషులు లేని కాలువను ఎంత ఖర్చుతో బాగుచేసినా అది తిరిగి పూడిపోతుంది.

నగరంలో పూర్తిగా వేరే సమస్య

చెన్నై నగరంలో కాలువ స్థితి గ్రామీణ భాగాలకన్నా దయనీయం. అక్కడ అది ప్రధానంగా మురుగునీటిని మోసే కాలువగా మారింది. 1995లో తొలి భాగం ప్రారంభమైన నగర రైలు వ్యవస్థ కోసం కాలువ గర్భంలోనే స్తంభాలు నిలిపి, దాని మీదనే స్టేషన్లు కట్టారు. అనేకచోట్ల కాలువ వెడల్పు పూర్వపు వెడల్పులో కొద్ది భాగానికి కుంచించుకుపోయింది. అంటే కాకినాడ నుంచి పుదుచ్చేరి వరకు ఒకే పడవ సాగాలన్న ఆలోచనకు నగరం నడిబొడ్డునే అడ్డంకి ఏర్పడింది.

నగరానికి దక్షిణాన కాలువ మరో బాధ్యత వహిస్తోంది. పళ్లికరణై చిత్తడి నేలలో చేరే వర్షపు నీరు ఒక్కియం మడువు ద్వారా దక్షిణ బకింగ్‌హాం కాలువలోకి చేరి, ముట్టుకాడు వద్ద సముద్రానికి పోతుంది. కాలువ ఇరుకైన కొద్దీ ఆ నీరు ఇళ్లలోకి మళ్లుతుంది. ఉత్తరాన ఎన్నూరు ప్రాంతంలో పరిశ్రమల వ్యర్థాలు మరో సమస్య. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వరదల సమయంలో మనలి పారిశ్రామిక ప్రాంతం నుంచి చమురు కాలువలోకి, అక్కడి నుంచి ఎన్నూరు కయ్యలోకి చేరి మత్స్యకారుల పడవలను, వలలను పాడుచేసింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ విషయాన్ని విచారణకు స్వీకరించింది. అదే తుపాను డిసెంబరు 5న కాలువ ఉత్తర కొసకు చేరువలో, బాపట్ల సమీపంలో తీరం దాటింది.

సునామీ రోజు వెల్లడైన ఉపయోగం

2004 డిసెంబరు 26న సునామీ తీరాన్ని తాకినప్పుడు, పాడుబడిన ఈ కాలువ అనుకోని రీతిలో ఉపయోగపడింది. పెదగంజాం నుంచి చెన్నై వరకు దాదాపు 310 కిలోమీటర్ల మేర పొంగివచ్చిన సముద్రపు నీటిని కాలువ తనలోకి తీసుకుని, అలల ఉధృతిని తగ్గించిందని 2005లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో వెలువడిన ఒక పరిశీలన పేర్కొంది. కొద్దిచోట్ల మాత్రమే నీరు కట్టలు దాటింది. 10 నుంచి 15 నిమిషాల్లో తిరిగి సముద్రంలోకి వెళ్లిపోయింది. ఆంధ్రప్రదేశ్ తీరంలో ప్రాణనష్టం తగ్గడానికి ఇది తోడ్పడిందని ఆ పరిశీలన అభిప్రాయపడింది. ఆ ప్రవాహం కాలువలో పేరుకున్న కలుపు మొక్కలను కూడా కొంత ఊడ్చుకుపోయింది.

దీనితో కాలువ విలువను లెక్కగట్టే పద్ధతి మారింది. ఎన్ని టన్నుల సరకు మోస్తుందన్న లెక్క ఒకటి. ఎంత నీటిని ఎంత సేపు ఆపగలదు, ఎంత త్వరగా వదలగలదు అన్నది మరొకటి. తుపానులు తరచుగా తాకే తీరంలో రెండో లెక్క తక్కువదేమీ కాదు.

4వ జాతీయ జలమార్గం

2008లో చేసిన చట్టం ద్వారా 1,078 కిలోమీటర్ల 4వ జాతీయ జలమార్గం ఏర్పడింది. ఇందులో భద్రాచలం–రాజమహేంద్రవరం మధ్య గోదావరి 171 కిలోమీటర్లు, వజీరాబాద్–విజయవాడ మధ్య కృష్ణా 157 కిలోమీటర్లు. కాకినాడ కాలువ 50, ఏలూరు కాలువ 139, కొమ్మమూరు కాలువ 113 కిలోమీటర్లు. ఉత్తర బకింగ్‌హాం కాలువ 316, దక్షిణ బకింగ్‌హాం కాలువ 110, మరక్కాణం నుంచి కళువేలి చెరువు మీదుగా పుదుచ్చేరికి 22 కిలోమీటర్లు. అంటే మొత్తం జలమార్గంలో ఏ ఇతర భాగంకన్నా బకింగ్‌హాం కాలువ వాటాయే పెద్దది. 2016లో దేశవ్యాప్తంగా 111 జలమార్గాలను గుర్తించిన చట్టం ఈ మార్గాన్ని మరింత విస్తరించింది.

పనుల క్రమంలో మాత్రం ఈ కాలువది చివరి స్థానం. మొదటి దశగా ముక్త్యాల–విజయవాడ మధ్య కృష్ణా నదిలో 82 కిలోమీటర్లను ఎంచుకున్నారు. దీనికి 2017 అక్టోబరు 3న నాటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్యనాయుడు ఇబ్రహీంపట్నం వద్ద శంకుస్థాపన చేశారు. రెండో దశలో ఏలూరు, కాకినాడ కాలువలు, గోదావరిలో కొంత భాగం ఉన్నాయి. కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువలను మూడో దశకు కేటాయించారు.

ఈ క్రమానికి సాంకేతిక కారణాలున్నాయి. నేటి సరకు నౌకకు నాటి పడవకన్నా ఎక్కువ లోతు, వెడల్పు, వంతెనల కింద ఎక్కువ ఎత్తు కావాలి. కాలువకు అడ్డంగా వెలసిన తక్కువ ఎత్తు వంతెనలను తిరిగి కట్టాలి, లాకులను పునర్నిర్మించాలి. నదీ మొగలు వేసవిలో ఇసుకమేటలతో మూసుకుపోతాయి కనుక పూడికతీత ఒకసారితో ముగిసే పని కాదు. పక్కనే రైలు మార్గం, 16వ జాతీయ రహదారి ఉండగా వ్యాపారులు నీటి మార్గాన్ని ఎంచుకోవాలంటే, దారి పొడవునా సరకు ఎక్కించి దించే రేవులు, నమ్మదగిన లోతు ఏడాది పొడవునా ఉండాలి. కేరళలో 1993లో ప్రకటించిన 3వ జాతీయ జలమార్గానికి సహజంగా లోతున్న కాయళ్లు, ఒడ్డునే ఉన్న పరిశ్రమలు కలిసివచ్చాయి. బకింగ్‌హాం కాలువకు ఆ రెండు వసతులూ అన్నిచోట్లా లేవు.

లోతు పెంచితే ఉప్పు ఎటు పోతుంది?

పునరుద్ధరణ చర్చలో తీరగ్రామాల రైతులు లేవనెత్తదగిన ప్రశ్న ఇది. బాపట్ల, ప్రకాశం తీరంలోని ఇసుక నేలల్లో వర్షపు నీరు, అడుగున ఉన్న ఉప్పునీటిపై పలుచని పొరగా నిలుస్తుంది. లోతు తక్కువ దొరువులు తవ్వి, ఆ తీపినీటితోనే అక్కడి రైతులు తరతరాలుగా పంటలు పండిస్తున్నారు. ఉప్పునీటి కాలువను లోతుగా, వెడల్పుగా తవ్వినచోట ఈ సమతుల్యం దెబ్బతినే అవకాశం ఉంది. శ్రీలంకలో కొలంబో సమీపాన ఉన్న ముత్తురాజవెల వరి భూములు, వలస పాలన కాలంలో తవ్విన కాలువ ద్వారా చొచ్చుకువచ్చిన ఉప్పునీటితో సాగుకు పనికిరాకుండా పోయాయి. ఒకసారి ఉప్పు పట్టిన నేలను తిరిగి తీపి చేయడం ఎంత కష్టమో ఆ అనుభవం చెబుతుంది.

నెల్లూరు తీరంలో రొయ్యల చెరువులు, పులికాట్ పక్షుల అభయారణ్యం, ఉప్పుటేళ్లలో చేపలు పట్టే యానాదులు, పట్టపువారు వంటి సముదాయాల జీవనోపాధి కూడా ఈ కాలువ నీటితో ముడిపడి ఉన్నాయి. అందువల్ల తవ్వే ప్రతి మీటరుకూ లాభనష్టాల పంపకం ఉంటుంది. ఓడరేవులకు లాభించే లోతు, దొరువు రైతుకు నష్టం కావచ్చు. మొగ తెరుచుకోవడం మత్స్యకారుడికి మేలు. కట్ట ఎత్తు పెంచడం వల్ల ఒక ఊరికి రక్షణ కలిగితే, పక్క ఊళ్లో వర్షపు నీరు నిలిచిపోవచ్చు.

పునరుద్ధరణకు అర్థం

ఈ నేపథ్యంలో కాలువ మొత్తానికి ఒకే కొలత వర్తింపజేయడం సాధ్యమయ్యే పని కాదు. కృష్ణపట్నం, ఎన్నూరు ఓడరేవుల పరిసరాల్లో సరకు రవాణాకు వీలుండవచ్చు. చెన్నై నగరంలో మురుగును వేరుచేసి వరదనీటికి దారి ఇవ్వడమే ప్రథమ కర్తవ్యం. పులికాట్ వద్ద సరస్సు మొగ, చేపల రాకపోకలు ముఖ్యం. పెదగంజాం నుంచి నెల్లూరు వరకు ఉన్న గ్రామీణ భాగంలో కట్టలు నిలబడడం, లాకులు పనిచేయడం, తుపాను నీరు త్వరగా సముద్రానికి చేరడం తక్షణ అవసరాలు. వీటికి జాతీయ జలమార్గానికి కావలసినంత ఖర్చు అక్కరలేదు. ఏటా కొంత ఖర్చు, దానిని చూసుకునే సిబ్బంది ఉంటే చాలు.

కాలువ భూమి రాష్ట్రాల పరిధిలో, జలమార్గం భారత అంతర్దేశీయ జలమార్గాల సంస్థ పరిధిలో ఉన్నాయి. తీర నియంత్రణ, అటవీ నిబంధనలు వేరే శాఖల చేతుల్లో ఉన్నాయి. ఇన్ని కార్యాలయాల మధ్య కాలువకు ఒక బాధ్యుడిని నిర్ణయించడం, తీరగ్రామాల వారికి ఆ నిర్వహణలో చోటు కల్పించడం పూడికతీతకన్నా ముందు జరగవలసిన పనులు. డెల్టా కాలువలను రైతులు కాపాడుకున్నారు. తుపాను రాత్రి బకింగ్‌హాం కాలువ తమ ఊరికి, సముద్రానికి నడుమ నిలిచే అడ్డుకట్ట అని తీరవాసులు గుర్తించి, దాని బాగోగులు అడిగే హక్కు పొందినప్పుడు ఈ కాలువకూ అడిగేవారు ఏర్పడతారు.